అమ్మమ్మ ముఖం

మా అమ్మ బొమ్మ వేయమంటే, "అమ్మమ్మ ముఖం నాకు సరిగ్గా తెలియదమ్మా, ఎలా వేయను?" అంది మా అమ్మాయి. మేముండే ఒడిశాలోని రాయగడలో రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలి. అంత దగ్గర్లో ఉన్న మా అమ్మ ముఖం దానికి తెలియదట! ఆ మాట నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది.

తైలవర్ణాలు నేర్చుకుంటూ అది ఇప్పుడు వేస్తున్నది డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో చిత్రించిన 'ముత్యపు లోలాకు పెట్టుకున్న అమ్మాయి' బొమ్మను. నిలువు 44.5, అడ్డం 39 సెంటీమీటర్లు. అదే కొలతకు కేన్వాసు కట్టించుకుంది. ముందు గోధుమరంగుతో వెలుగునీడలు పరిచి, ఆరాక పొర మీద పొర వేస్తోంది. అడుగున నూనె తక్కువ, పైకి వచ్చేకొద్దీ ఎక్కువ. లేకపోతే రంగు బీటలు వారుతుంది. ముక్కుకు గీత గీయడం, తుడిచేయడం. అసలు చిత్రంలో ముక్కుకూ చెంపకూ మధ్య గీతే లేదు మరి! ముత్యమూ అంతే. పైన దట్టమైన తెల్లచుక్క, కింద తెల్లటి కాలరు నుంచి పడిన మసక వెలుగు. చెవికి తగిలించే కొక్కెమైనా లేదు. మిగతాదంతా చూసే కన్ను నింపుకుంటుంది.

ఇంతకీ ఆ పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు. "అందుకే ధైర్యంగా వేస్తున్నాను. పోలిక తప్పినా అడిగేవాళ్ళు లేరు. అమ్మమ్మనైతే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకోను. ముక్కుకు అడ్డబాస, చెవులకు కమ్మలు, నుదుట పెద్ద బొట్టు, అన్నీ ఉండాలంటాను. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేదీ నేనే, బడిలో దాని ఒడియాను మెచ్చుకుంటే మురిసిపోయేదీ నేనే. సెలవుల్లో బొబ్బిలి వెళ్దామంటే ట్యూషన్ పోతుందని ఆపిందీ నేనే.

పిల్లలు గొప్ప చిత్రాన్ని చూసి వేస్తుంటే "సొంతంగా వేయవా" అని తొందరపెట్టకండి. కన్ను పదునెక్కేది అక్కడే. ఇలా చెబుతున్న నేనే అమ్మ ఫోటో తెచ్చి దాని బల్ల మీద పెట్టాను. అది కాసేపు చూసి, "ఫ్లాష్‌తో తీశారు, ముఖంలో నీడే లేదు. అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంటే వేస్తాను" అంది.

సంక్రాంతికి వెళ్దామన్నాను. అమ్మ మాట్లాడే తెలుగు దానికి ఎంత అందుతుందో, దాని మాట అమ్మకు ఎంత అర్థమవుతుందో తెలియదు. మధ్యలో కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పాలనిపిస్తుంది నాకు. ఆ గదిలో నేను ఉండాలా, వాళ్ళిద్దరినీ వదిలి వంటింట్లోకి వెళ్ళిపోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.