గంటకి ఎంత చెమట పోతోంది? బరువు మిషన్‌ని అడగండి

గంటసేపు సైకిల్ తొక్కి ఇంటికొచ్చేవాళ్లు దాహమేసినప్పుడు తాగితే సరిపోతుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకి (నిర్ణీత సమయంలో పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) వెళ్లేవాళ్లకి మాత్రం తమ చెమట లెక్క తెలిసి ఉండాలి. పక్కనున్నవాళ్లు గంటకో బాటిల్ తాగుతున్నారని మనమూ తాగితే కుదరదు. ఒకే ఎండలో ఒకరికి అర లీటరు పోతే ఇంకొకరికి లీటరున్నర పోతుంది.

100 గ్రాముల తేడా చూపించే డిజిటల్ మిషన్ చాలు. డోర్‌మ్యాట్ మీద కాకుండా గట్టి టైల్ మీద పెట్టండి. బయల్దేరేముందు పాస్‌కి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. తిరిగి రాగానే, ఏమీ తాగకముందే, జుట్టుతో సహా ఒళ్లు తుడుచుకుని మళ్లీ అలాగే ఎక్కండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. జెర్సీ పీల్చుకున్న చెమట కూడా ఒంట్లోంచి పోయిందే; దాంతోపాటే తూగితే అది లెక్కలోకి రాదు. రైడ్ గంటన్నరకి తగ్గకూడదు, లేకపోతే మిషన్ తేడాయే పెద్దదైపోతుంది.

వెళ్లేటప్పుడు 68.4 కిలోలు, వచ్చాక 66.9 అనుకుందాం. తగ్గింది 1.5. దారిలో తాగిన రెండు 750 బాటిళ్లు 1.5 లీటర్లు, తిన్న అరటిపండు 100 గ్రాములు కలపండి. మధ్యలో పాస్‌కి ఆగితే సుమారు 300 మిల్లీలీటర్లు తీసేయండి. 2.8 లీటర్లు వస్తుంది. మూడు గంటల రైడ్ కాబట్టి గంటకి 930 మిల్లీలీటర్లు. తాగింది గంటకి 500 మాత్రమే. బరువులో 2 శాతం దాటి తగ్గిందంటే, ఎండలో కాళ్లు బరువెక్కడానికి అదే కారణం కావచ్చు.

జనవరి పొద్దున తీసిన అంకె ఏప్రిల్‌కి పనికిరాదు, మళ్లీ కొలవాలి. విశాఖ ఉక్కలో చెమట ధారగా కారుతుంది, కనిపిస్తుంది. అనంతపురం పొడిగాలిలో పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, హెల్మెట్ పట్టీ మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి.

పోయిందంతా పోసేయాలని చూడకండి, కడుపు పట్టదు. ఈ లెక్కకి గంటకి 700 నుంచి 800 చాలు. మొదటి 20 నిమిషాల్లోనే మొదలుపెట్టి, పావుగంటకోసారి 200 మిల్లీలీటర్ల లోపు తాగండి. బాటిల్ మీద టేపు ముక్కలతో గీతలు పెట్టుకుంటే తేలిక.

రైడ్ తర్వాత బరువు పెరిగిందంటే అది ప్రమాదం. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. అది నీళ్లు చాలకనే అనుకుని ఇంకా తాగించేస్తారు. అలా చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లీటరు నీళ్లలో 2 గ్రాముల ఉప్పు (టీస్పూన్‌లో మూడో వంతు), 40 గ్రాముల పంచదార, నిమ్మరసం కలిపితే రైడ్‌కి సరిపోతుంది. లీటరుకి ఉద్దేశించిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని అర లీటరు బాటిల్‌లో కలిపేస్తే చిక్కబడి కడుపు తిప్పుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగానే ఉంటుంది గానీ, చెమటతో పోయే సోడియానికి అవి చాలవు. ఉప్పేసిన మజ్జిగే నయం.

ఇంటికొచ్చాక తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర చొప్పున, పై లెక్కకి రెండుంబావు లీటర్లు, నాలుగైదు గంటల్లో కొంచెం కొంచెంగా తాగండి. పక్కన పెరుగన్నం, ఆవకాయ ఉంటే ఆ ఉప్పు తాగిన నీళ్లని ఒంట్లో నిలుపుతుంది.