చెల్లి పెళ్లి ఖర్చు: గంట గంటకీ రాసుకున్న లెక్క

నాన్న రాసిన మొదటి లెక్క గోడ క్యాలెండర్ నుంచి చింపిన కాగితం వెనక ఉంది. బంగారం 3,70,000. భోజనాలు 2,00,000. మండపం లక్ష. బట్టలు లక్ష. ఫోటోలు, వీడియో 80,000. పూలు, అలంకరణ 50,000. చిల్లర ఖర్చులు 50,000. కింద గీత గీసి 9,50,000 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు.

2023 కార్తీకమాసంలో చెల్లికి సంబంధం కుదిరింది. మాది రాజమండ్రి, మగపెళ్లివారిది కాకినాడ. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. చేతిలో ఉన్నది మూడు నెలలు. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను కాబట్టి ఖర్చుల సంగతి నువ్వు చూడమ్మా అని నాన్న ఆ కాగితం నా చేతిలో పెట్టారు.

ఆ మొత్తం ఎక్కడో చూసినట్టు అనిపించింది. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ 7 లక్షలు. పాడుకున్న చిట్టీ రెండున్నర లక్షలు. రెండూ కలిపితే సరిగ్గా తొమ్మిదిన్నర. అంటే నాన్న పెళ్లికి ఎంతవుతుందో లెక్క వేయలేదు. ఉన్న డబ్బును ఏడు వరసల్లో సర్దారు. రైసు మిల్లులో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా లెక్కలు రాసిన మనిషి అలా చేశారంటే, లెక్క తెలియక కాదు. నిజం అంకె చూడటానికి భయం వేసి. నాకు చాలా బాధేసింది.

మర్నాడు అమ్మనీ చెల్లినీ కూర్చోబెట్టుకుని కొత్త నోటుబుక్కు తెరిచాను. ఈసారి బంగారం, బట్టలు అని పద్దులు పెట్టలేదు. ముందు రోజు ఉదయం నుంచి పెళ్లి మర్నాటి అప్పగింతల దాకా గంట గంటకీ ఏం జరుగుతుందో రాశాం. ఆ గంటలో ఇంట్లో ఎవరుంటారు, ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, వాళ్ల చేతిలో ఏం పెట్టాలి. ఈ నాలుగే ప్రశ్నలు. రాయడానికి రెండు రోజులు పట్టింది. పెళ్లి బడ్జెట్ వేసేవాళ్లెవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే ఇదే చెబుతాను.

ఎందుకంటే మా ముహూర్తం రాత్రి 1 గంట 12 నిమిషాలకు. శుభలేఖలో 'తెల్లవారితే గురువారం అనగా' అని వేయిస్తాం చూడండి, ఆ ఒక్క మాట వెనక బోలెడు ఖర్చుంది. పగటి ముహూర్తమైతే ఒక భోజనంతో చాలామంది వెళ్లిపోతారు. రాత్రి ముహూర్తానికి మగపెళ్లివారు సాయంత్రం నాలుగింటికే విడిదిలో దిగుతారు, మర్నాడు మధ్యాహ్నం భోంచేసి గాని కదలరు.

నాన్న లెక్కలో భోజనాలంటే 500 మంది, ఆకు 400 చొప్పున 2 లక్షలు. మా నోటుబుక్కులో ఇలా తేలింది. చెల్లిని పెళ్లికూతుర్ని చేసిన రోజు మధ్యాహ్నం 80 మంది. పెళ్లి రోజు ఉదయం టిఫిను 60, మధ్యాహ్నం భోజనం 100. సాయంత్రం విడిదిలో టిఫిను, కాఫీ 120. రాత్రి విందు 550. మర్నాడు టిఫిను 150, మధ్యాహ్నం భోజనం 120. మొత్తం 1,180. పెళ్లికి వచ్చేది 550 మందే, లేచే ఆకులు మాత్రం దానికి రెట్టింపు పైనే. వంటవాళ్లు మొదట చెప్పిన రేటు ప్రకారం అన్నీ కలిపి 3,42,500 అయింది.

మండపం సంగతీ అంతే. అద్దె 75,000 అన్నారు, నాన్న అందుకే లక్ష వేసుకున్నారు. కరెంటు మీటరు చూసి యూనిట్ల లెక్కన వేరే. జనరేటరు డీజిలు వేరే. శుభ్రం చేసినందుకు 5,000 వేరే. మండపంలో ఉన్న గదులు మగపెళ్లివారికే చాలవు కాబట్టి మన చుట్టాలకు లాడ్జిలో ఆరు గదులు, రెండు రోజులకు 18,000. అన్నీ కలిపితే 1,14,000. మధ్యలో అమ్మ 'అన్నవరం కొండ మీద చేసేద్దామే' అంది. మా వైపు రత్నగిరి మీద పెళ్లి చేసుకునేవాళ్లు ఎక్కువే. కానీ మంచి ముహూర్తం రోజున కొండ మీద అంతమందికి గదులు దొరకడం కష్టమని ఆ ఆలోచన వదిలేశాం.

బంగారం దగ్గర ఇంకా వివరంగా చెప్పాలి. ఎనిమిది కాసులు పెట్టాలని అమ్మ కోరిక. 64 గ్రాములు. అప్పుడు 22 క్యారెట్లు గ్రాము 5,800 దగ్గర ఉంది. గుణిస్తే 3,71,200. నాన్న అక్కడితో ఆగారు. దాని మీద తరుగు 12 శాతం, అంటే 44,500 పైన. ఆ మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, ఇంకో 12,400 పైన. చివరికి బిల్లు 4,28,200. పేపర్లో ధర చూసి గుణించుకునేదానికీ కొట్లో కట్టేదానికీ 57,000 తేడా. తరుగు నగను బట్టి మారుతుంది. రాళ్లు, సన్నపని ఉన్న హారానికి ఎక్కువ, సాదా గాజులకు తక్కువ. అందుకే నగ బాగుందా లేదా అని చూసేముందు తరుగెంత అని అడిగాం. అమ్మ తన పాత గొలుసు, రెండు కాసులది, తీసి ఇచ్చేసింది. కరిగించి చూసి 84,000 కట్టారు. ప్రతి నగ మీదా ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబరు ఉందో లేదో చూసుకున్నాం. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా కొట్లో అమ్మకూడదు. హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి.

ఇంకో సంగతి. ఒకే బిల్లుకు రెండు లక్షలు, ఆపైన కొట్టువాళ్లు నగదుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. చిట్టీ డబ్బు నాన్న దగ్గర నగదుగానే ఉంది, దాంతో బంగారం కొనేద్దామనుకున్నారు. చివరికి బంగారానికి డిపాజిట్ డబ్బు బ్యాంకు ద్వారా కట్టి, నగదును మేళంవాళ్లకు, డ్రైవర్లకు, అప్పటికప్పుడు చేతిలో పెట్టాల్సినవాళ్లకు ఉంచాం. ఏ డబ్బు ఏ రూపంలో ఉందో ముందే చూసుకోకపోతే ఆఖరి వారం పరుగులు తప్పవు.

చివరి పేజీలో అనుకోని ఖర్చులకని 80,000 వేసి మొత్తం కూడితే 14,20,000 వచ్చింది. ఆ రాత్రి నాన్న సరిగా భోంచేయలేదు. 'రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నవాళ్లున్నారు, ఓ ఐదు లక్షలు తెస్తాను' అన్నారు. ఐదు లక్షలకు నెలకు పదివేలు వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. ఆ వయసులో, జీతం లేని ఇంట్లో, పదివేలు ఎక్కణ్నుంచి కడతారు? వద్దని నేను గట్టిగానే అన్నాను. నేనూ మా ఆయనా 2 లక్షలు పెడతామని ముందే అనుకున్నాం. అప్పుడు చెల్లి లోపల్నుంచి వచ్చి, నా జీతంలో దాచుకున్న లక్ష ఉంది, అది కూడా వేయండి అంది. నాన్న ససేమిరా అన్నారు. పెళ్లికూతురి డబ్బుతో పెళ్లి చేస్తే నలుగురూ ఏమంటారని ఆయన బాధ. నలుగురూ వడ్డీ కడతారా నాన్నా అని చెల్లి అడిగింది. అమ్మ చెల్లి పక్కన నిలబడింది. అలా పన్నెండున్నర లక్షలయ్యాయి. ఇంకా 1,70,000 తగ్గాలి.

సంగీత్ అని వేసుకున్న 50,000 చెల్లే కొట్టేసింది. ఫోటోలవాళ్లతో డ్రోను, పెళ్లికి ముందు షూటింగు వద్దంటే 18,000 తగ్గింది. రాత్రి విందులో 28 రకాలు 19 చేస్తే ఆకు 450 నుంచి 350కి దిగింది, అక్కడ 55,000. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, పులిహోర, బూరెలు ఉంచాం. మూడు రకాల నూడుల్స్, చాట్ బండి తీసేశాం. ఎవరూ అడగలేదు.

కష్టమైనది బట్టలు పెట్టడం. మేనత్తలు, పిన్నులు, బాబాయిలు, వాళ్ల కోడళ్లు, అల్లుళ్లు, అమ్మ రాసిన జాబితా 74 మంది. ఇందులో ఒక పేరు కొట్టేస్తే పదేళ్లు మాట పడాలి. అమ్మ పేర్లు కొట్టలేదు. పట్టుచీరలు ముగ్గురు మేనత్తలకే ఉంచి, మిగతావాళ్లకు మంచి నేత చీరలు ఒకే చోట మొత్తంగా కొంది. మగవాళ్లకు ప్యాంటూ షర్టూ బదులు పంచెలచాపు. అలా 47,000 మిగిల్చింది. ఈ పని నా వల్ల అయ్యేది కాదు. ఎవరికి ఏం పెడితే ఎలా తీసుకుంటారో అమ్మకే తెలుసు.

ఇక్కడిదాకా అంకెలున్నవాటి సంగతి. అంకె చెప్పనివాళ్లతోనే అసలు టెన్షన్. సన్నాయి మేళంవాళ్లను ఎంతండీ అంటే 'మీకు తెలియంది ఏముంది, మామూలే' అన్నారు. పంతులుగారు 'మీ ఇష్టం' అన్నారు. బస్సాయన 'చూసుకుందాంలెండి' అన్నాడు. మర్యాదగా వినిపించే ఈ మూడు మాటల దగ్గరే మా చుట్టాల్లో రెండు పెళ్లిళ్లు చివర్లో గొడవ దాకా వెళ్లడం నేను చూశాను. అందుకని ప్రతి ఒక్కరి దగ్గరా రెండోసారి అడిగాను. 'ఇష్టమే పంతులుగారూ, కానీ మీతో వచ్చేవాళ్లెందరు, కిందటి నెల పెళ్లికి ఎంత సంభావన ఇచ్చారు?' అని అడిగితే నవ్వుతూ చెప్పేశారు. మేళం, పంతులుగారు, ఐరేని కుండలు, పూజ సామగ్రి కలిపి 38,000 దగ్గర తేలింది.

మగపెళ్లివారితో మాట్లాడటానికి మాత్రం నాన్నకు మొహమాటం. వాళ్లు కట్నం ఊసెత్తలేదు, ఆ విషయంలో వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఆడపడుచు లాంఛనాలు ఉంటాయి కదా. పెళ్లికొడుక్కి ముగ్గురు అక్కలు. వాళ్లమ్మగారికి నేనే ఫోన్ చేసి 'అత్తయ్యగారూ, మా వాళ్లకు అడగడానికి మొహమాటం. మీ ఇంటి పద్ధతి ఎలాగో చెబితే అలాగే చేస్తాం' అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, 'ఒక్కొక్కరికి చీర, 5,116 చాలమ్మా. వెండి గిన్నెలవీ ఏం వద్దు' అన్నారు. నాన్న అడగకుండా మనసులో అనుకున్నది అంతకు మూడింతలు. నిమిషం ఫోనుతో తీరిపోయింది. చెల్లికి పెట్టిన నగలు, కానుకలు ఎవరు ఏమిచ్చారో, విలువెంతో ఒక జాబితా రాసి పెళ్లయ్యాక ఇద్దరితోనూ సంతకం చేయించాను. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనలు చెప్పేది అదే. అత్తయ్యగారు కూడా ఒక కాపీ అడిగి తీసుకున్నారు.

పెళ్లి ముందు రోజు అలంకరణ మనిషి ఫోన్ చేశాడు. 45,000కి ఒప్పుకున్నవాడు, కడియపులంక మార్కెట్లో పూల ధర పెరిగిపోయింది, ఇంకో 15,000 ఇస్తేనే చేస్తాను అన్నాడు. ముహూర్తాల రోజుల్లో మల్లెలకూ చామంతులకూ ధర పెరగడం నిజమే. కానీ ఆ సంగతి ఒప్పుకున్నప్పుడు అతనికీ తెలుసు కదా. నాకు చాలా కోపం వచ్చింది. ధర పెరిగినా ఇదే రేటు అని కాగితం మీద రాయించుకోకపోవడం నా పొరపాటు. చివరికి గేటు దగ్గర పూల ఆర్చి వద్దని 5,000 అదనంగా ఇచ్చి ఒప్పించాం. గేటుకు అరటి చెట్లు, మామిడాకులు, కొబ్బరాకుల పందిరి మా పెదనాన్న కొడుకులు రాత్రికి రాత్రి కట్టారు. ఆ గేటు దగ్గర దిగినన్ని ఫోటోలు స్టేజీ మీద కూడా దిగలేదు.

రాత్రి విందు దగ్గర బాబాయిని పళ్లేల పక్కన కూర్చోబెట్టాను. మొదట వచ్చిన పళ్లేలు 700 అని వంటవాళ్ల మనిషితో కలిసి లెక్కపెట్టి రాసుకున్నాడు. ఆఖర్న వాళ్లు 640 లేచాయన్నారు. మిగిలినవి లెక్కపెడితే 118. అంటే 582. మాట మీద వదిలేసి ఉంటే 58 ఆకులకు 20,300 ఊరికే కట్టేవాళ్లం. 550 పైన లేచిన 32 ఆకులకు 11,200 అప్పుడే ఇచ్చేశాం.

చేతి ఖర్చులకు బ్యాంకులో పదులు, యాభైలు, వందలు మార్చి, కవర్ల మీద పేర్లు రాసి పెట్టుకున్నాను. డ్రైవరు బేటా, కాళ్లు కడిగే పళ్లెంలో చిల్లర, మంగళహారతి పళ్లెం, వాచ్‌మన్, వడ్డించిన పిల్లలు. 31,400 అలా వెళ్లింది. బస్సు సాయంత్రం దాకా ఆగినందుకు 6,500. మొత్తం మీద 80,000లో 54,100 ఖర్చయి 25,900 మిగిలింది.

చదివింపుల డబ్బు బడ్జెట్లో ఒక్క రూపాయి కూడా చూపించుకోలేదు. అమ్మ మొదటే చెప్పింది, అది మన డబ్బు కాదే, వాళ్లింట్లో పెళ్లికి తిరిగి పెట్టాల్సింది అని. మావయ్య రాసిన చదివింపుల పుస్తకం అమ్మ బీరువాలో నా పెళ్లి పుస్తకం పక్కన పెట్టింది. డబ్బు విడిగా బ్యాంకులో వేసింది.

నేను హైదరాబాద్ వచ్చేసిన వారానికి నాన్న ఫోన్ చేసి, ఒకరి ఖాతాలోకి డబ్బు పంపాలంటే ఏ కాగితం నింపాలని అడిగారు. ఎవరికి నాన్నా అంటే, చెల్లి ఖాతా నంబరు చదివారు.

"ఆ మిగిలింది దానిదేనమ్మా. లక్షలో ఇంకా 74,100 ఇవ్వాలి, రాసి పెట్టుకున్నాను."