యాడ నొస్తా ఉంది?

మా అబ్బాయికి 13 ఏళ్లు. మేధో వైకల్యం వల్ల వాడికి వచ్చిన మాటలు 40కి మించవు. గత చలికాలంలో ఇంగ్లండ్‌లో ఉండగా వాడు చేయి కొరుక్కోవడం, పళ్లెం విసిరికొట్టడం, తెల్లవారుజామునే లేచి ఏడవడం మొదలుపెట్టినప్పుడు, డాక్టరు మాతో అరగంట మాట్లాడి 0.5 మిల్లీగ్రాముల రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బుల మందు రాశారు. మేమూ అడ్డు చెప్పలేదు. అప్పటికి ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేక నెల దాటింది.

ఆ మందు పనికిరాదని నేను అనను. ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకుకు వాడడానికి అమెరికాలో 2006లోనే అనుమతి వచ్చింది. అయితే దానితో ఆకలీ బరువూ పెరుగుతాయి కనుక బరువు, రక్తంలో చక్కెర, కొవ్వులు తరచూ చూస్తుండాలి. అసలు మొదలుపెట్టే ముందే మలబద్ధకం, చెవిపోటు, పంటినొప్పి వంటివి ఉన్నాయేమో వెతకాలి. ప్రతి మార్పునూ వైకల్యం ఖాతాలో వేసేయడం డాక్టర్లకే కాదు, కన్నవాళ్లకూ సులువే. ఇంగ్లండ్‌లో మేధో వైకల్యం ఉన్న పెద్దల్లో 30,000 నుంచి 35,000 మంది, తగిన జబ్బేదీ లేకుండానే, ఇలాంటి మందులు రోజూ మింగుతున్నారని 2015లో అంచనా వేశారు. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాటిని తగ్గించే కార్యక్రమం చేపట్టింది.

వేసవిలో చిత్తూరుకు వచ్చేసరికి వాడు ఆరు కిలోలు పెరిగాడు. "ఏమ్మే, బిడ్డ నిద్దర మొగంతోనే ఉండాడే" అంటూ మా అమ్మ తోతాపురి కాయ కోసి, ఉప్పూ కారం అద్ది వాడి చేతికిచ్చింది. వాడు ఎడమ దవడతోనే నములుతున్నాడని కనిపెట్టింది ఆమే. "యాడ నొస్తా ఉంది నాయనా?" అని అడిగితే, వాడు ఆమె చేయి పట్టుకుని తన కుడి చెంపకు ఆనించుకున్నాడు.

బడిలో వాడికి నొప్పి అని చెప్పుకోవడానికి ఒక బొమ్మ అట్ట ఉంది. దాన్ని ఒక్కసారీ చూపలేదు. రెండు భాషలైతే తికమకపడతాడని ఎవరో చెప్పగా మేము ఇంట్లో వాడితో తెలుగు మానేశాం. 'నొస్తా ఉంది' అన్న మాట వాడికి పట్టుబడింది, ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో తన మోకాళ్ల గురించి మొరపెట్టుకునే అమ్మమ్మ దగ్గరే.

పుచ్చిన పన్ను తీయించాక కొరుక్కోవడం ఆగింది, విసరడం తగ్గింది. మాత్రలు అంతటితో ఆపేయమని అమ్మ పట్టుబట్టింది కానీ, ఆ మందును ఒక్కసారిగా మానకూడదు. ఇంగ్లండ్‌లోని డాక్టరుతో ఫోనులో మాట్లాడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాం. తెల్లవారుజాము ఏడుపు మాత్రం పోలేదు. అది దిగులు జబ్బే (డిప్రెషన్) అయితే దానికి తగిన వైద్యం వేరే ఉంటుంది కనుక, వాడి నిద్ర, తిండి, ఏడుపు రోజూ నోటు పుస్తకంలో రాస్తున్నాను. "నొస్తా ఉందా?" అని ఇప్పుడు నేనూ తెలుగులోనే అడుగుతున్నాను. నిన్న లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు, ఏడుస్తూనే.