పిన్ను నంబరున్న పుస్తకమే ముందు: డిజిటల్ ఎలక్ట్రానిక్స్, ఆరు వారాల లాగ్

1వ వారం
పుస్తకాల వడపోత. ఏది చేతికొచ్చినా నేరుగా కౌంటర్ల (పల్సులు లెక్కపెట్టే సర్క్యూట్ల) అధ్యాయం తెరవండి. బొమ్మ పక్కన ఐసీ (చిప్పు) నంబరు, కాళ్ల (పిన్నుల) నంబర్లు లేకపోతే అది పరీక్షకు పనికొస్తుంది, బ్రెడ్‌బోర్డుకు (టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే బోర్డుకు) కాదు. మోరిస్ మానో ‘డిజిటల్ డిజైన్’ గట్టి పుస్తకమే. అయితే బూలియన్ ఆల్జీబ్రా (0, 1ల లెక్క), కార్నా మ్యాపులు (ఆ లెక్కని కుదించే పట్టికలు) దాటేదాకా కొత్తవాళ్లకి ఒక్క దీపమూ వెలగదు. దాని చివర్లో ల్యాబ్ ప్రయోగాల అధ్యాయం ఉంది, ముందు అదే చదవాలి. మొదలుపెట్టడానికి మాత్రం మాల్వినో, లీచ్‌ల ‘డిజిటల్ ప్రిన్సిపుల్స్ అండ్ అప్లికేషన్స్’ మేలు: గేటు (0, 1లు తీసుకుని ఒక 0 గానీ 1 గానీ ఇచ్చే సర్క్యూట్) చెప్పిన చోటే 7400 జాతి చిప్పు చూపిస్తుంది. బల్ల మీద తెరిచి ఉంచుకోడానికి డాన్ లాంకాస్టర్ ‘సీమాస్ కుక్‌బుక్’. 1977 నాటిదని వదిలేయకండి, 4017 (పది వరకు లెక్కపెట్టే కౌంటరు చిప్పు) కాళ్లు ఇప్పటికీ అవే. సెమిస్టరు అయ్యాక సీనియర్లు అమ్మేసే పాత ఎడిషన్లు చాలు.

2వ వారం
సామాన్లు: 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డు, 74హెచ్‌సీ00 రెండు, 74హెచ్‌సీ10, 555 (పల్సులిచ్చే టైమరు చిప్పు), సీడీ4017 ఒక్కోటి, ఎల్‌ఈడీలు 12, 1కె రెసిస్టర్లు 15, 10కె 10, ‘104’ (అంటే 0.1 మైక్రోఫారడ్) అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్లు 10. కరెంటుకి 5 వోల్టుల ఫోన్ చార్జరు. ప్రతి చిప్పు పవర్ కాళ్ల మధ్య ఒక 104. కొన్ని బోర్డుల్లో పవర్ వరస నడిమధ్యలో తెగి ఉంటుంది, మీటరుతో చూసుకుని తీగ ముక్కతో కలపాలి.

3, 4 వారాలు
ఎక్కువ సమయం తిన్నది ఇదే. భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల చెరువులున్న ఎవరికైనా తెలిసిన లెక్క: మూడు ఫేజుల్లో ఒకటి పోయినా ఏరేటరు మోటారు కాలుతుంది, తెల్లారేసరికి చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ‘ఏ ఒక్కటి పోయినా అలారం’ అంటే ‘మూడూ ఉన్నాయన్నది అబద్ధం’ అనే కదా, అంటే మూడు ఇన్‌పుట్ల నాండ్ గేటు. ఆ గేట్లున్న చిప్పే 74హెచ్‌సీ10. ఎనిమిది వరసల ట్రూత్ టేబుల్లో (ఏ ఇన్‌పుట్లకి ఏ అవుట్‌పుట్ అని రాసే పట్టికలో) ఏడింట దీపం వెలగాలి. డీమోర్గాన్ సూత్రం (‘అన్నీ నిజం’ కాదంటే ‘ఏదో ఒకటి అబద్ధం’ అనేది) దీని తర్వాత చదివితే బట్టీ పట్టక్కర్లేదు.

ఫేజుల బదులు 5 వోల్టులకి మూడు స్విచ్చులు, ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకి 10కె. 230 వోల్టుల తీగ ఈ బోర్డు దరిదాపులకి రాకూడదు.

చాలామంది తప్పేది ఇక్కడే. 74హెచ్‌సీ10లో మొదటి గేటు ఇన్‌పుట్లు 1, 2, 13, అవుట్‌పుట్ 12. వరసగా ఉంటాయనుకుని 1, 2, 3కి ఇస్తే 13 గాలిలో వేలాడుతుంది. అప్పుడు చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, దీపం మినుకు మినుకుమంటుంది. చిప్పు పోయిందని పారేస్తారు, పాపం దాని తప్పేం లేదు. మిగతా రెండు గేట్ల ఇన్‌పుట్లు 3, 4, 5, 9, 10, 11 కూడా గ్రౌండుకి కట్టేయాలి. పాత టీటీఎల్ రకం చిప్పుల్లో వదిలేసిన కాలు ‘1’లా నడిచిపోతుంది, 74హెచ్‌సీ లాంటి సీమాస్ రకంలో ఆ ఆట సాగదు.

5వ వారం
555కి 10కె, 68కె, 10 మైక్రోఫారడ్‌లు పెడితే సెకనుకి దాదాపు ఒక పల్సు. దాన్ని 4017 14వ కాలికి ఇచ్చి 13, 15 గ్రౌండు చేస్తే పది దీపాలు వరసగా నడుస్తాయి. పది దీపాలకీ కలిపి ఒకే 1కె చాలు, ఎప్పుడూ ఒక్కటే వెలుగుతుంది కాబట్టి. వెలుగు మసగ్గా ఉంటే కంగారొద్దు, 5 వోల్టుల దగ్గర ఆ చిప్పు ఇచ్చే కరెంటే అంత. 555 బదులు బటన్ పెడితే ఒక నొక్కుకి రెండు మూడు గళ్లు దూకుతుంది. లోపలి రేకులు ఎగిరెగిరి తగులుతాయి మరి. పైకి (5 వోల్టులకి) 10కె, బటన్ రెండు కాళ్ల మధ్య 1 మైక్రోఫారడ్ పెడితే కుదురుకుంటుంది. అప్పుడు కదిలేది నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు.

6వ వారం
74ఎల్‌ఎస్93 కౌంటరు. పవర్ 14, 7 అనే అలవాటు దీనికి పనికిరాదు: 5వ కాలికి 5 వోల్టులు, 10వ కాలికి గ్రౌండు. నాలుగు బిట్లూ కావాలంటే 12ని 1కి కలపాలి, రీసెట్ కాళ్లు 2, 3 గ్రౌండుకి.

వర్షాకాలం తేమకి, అందులోనూ నరసాపురం వైపు ఉప్పుగాలికి, ఐసీ కాళ్లు నల్లబడి కాంటాక్టు పోతోంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు. మిగిలిన చిప్పులు సిలికా జెల్ పొట్లంతో బిగుతు మూత డబ్బాలోకి.

తర్వాతి కొనుగోలు: 7447 (అంకెల డిస్‌ప్లేని నడిపే చిప్పు), కామన్ యానోడ్ (గీతలన్నిటికీ ప్లస్ ఒక్కటే ఉండే) డిస్‌ప్లే ఒకటి, 330 ఓముల రెసిస్టర్లు ఏడు. కొట్లో కామన్ క్యాథోడ్ (మైనస్ ఒక్కటే ఉండేది) చేతిలో పెడితే 7447 వద్దు, 4511 తీసుకోవాలి.