కామా లోపలా, బయటా?

పిల్లలకి తెలుగు రాదేమో, కారం తినరేమో అని విదేశాల్లో ఉన్న మాకందరికీ బెంగే. ఇంగ్లీషు దగ్గర గొడవ వస్తుందని మాత్రం నేను అనుకోలేదు. అదీ విశాఖలో, సీతమ్మధార ఇంట్లో. ఒక వైపు ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన మా నాన్న, రెండో వైపు న్యూజెర్సీలో ఆరో తరగతి చదివే మా అమ్మాయి.

సెలవుల హోంవర్క్ చూస్తూ నాన్న ఎర్రపెన్ను తీశారు. కొటేషన్ తర్వాత రావాల్సిన కామా లోపలుంది. "ఏటమ్మా ఇది? ఆ మనిషి అనని కామాని అతని నోట్లో పెట్టేశావు!" "మా టీచర్ అలాగే పెట్టమంది తాతయ్యా." ఇద్దరిదీ రైటే. అమెరికాలో కామా, ఫుల్‌స్టాప్ కొటేషన్ లోపలే ఉంటాయి. బ్రిటిష్ పద్ధతిలో అవి ఆ మాటల్లో భాగమైతేనే లోపల. నాకు నాన్న లాజిక్కే నచ్చింది గానీ, ఇంట్లో ఆ మాట పైకి అనలేదు.

తర్వాతి పంచాయితీ ఆక్స్‌ఫర్డ్ కామా. "ఇడ్లీ, పెసరట్టు, అండ్ ఉప్మా" అని రాస్తే, "అండ్" ముందు కామా ఏమిటంటారు నాన్న. పేరు ఆక్స్‌ఫర్డ్‌దే అయినా ఇంగ్లాండులో చాలా పత్రికలు దాన్ని పెట్టవు, అమెరికాలో షికాగో మాన్యువల్ అనే రచనా నియమాల పుస్తకం పెట్టమంటుంది. అక్కడి ఏపీ స్టైల్ మామూలు జాబితాలకి అక్కర్లేదంటుంది. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ.

అమ్మాయి పెద్ద అస్త్రమే తీసింది. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో పాల కంపెనీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కోసం కేసు వేశారు. ఏ పనులకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో చెప్పే చట్టంలోని జాబితాలో, చివరి "ఆర్" ముందు కామా లేదు. దాంతో సరుకు చేరవేయడం విడిగా ఒక పనా, లేక సరుకు ప్యాకింగ్‌లో భాగమా అన్నది తేలలేదు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది, 2018లో 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. నాన్న శ్రద్ధగా విని, "అంటే కామా పెట్టనందుకే కదా పాపం ఆ డ్రైవర్లకి డబ్బొచ్చింది? నేను చెప్పేదీ అదే," అన్నారు. దీనికి అమ్మాయికి నోట మాట రాలేదు.

ఇంకోరోజు మధురవాడ ఫ్లాట్ ప్రకటనలో 1,20,00,000 చూసి, కామాలు తప్పు పడ్డాయంది. కుడి నుంచి మొదట మూడంకెలు, ఆపైన రెండేసి అని తాతయ్య కూర్చోబెట్టి నేర్పారు. బాగానే నేర్చుకుంది. న్యూజెర్సీ వెళ్ళాక లెక్కల పరీక్షలో 2,50,000 అని రాసి మార్కు పోగొట్టుకుంది. నాన్న ఊరుకుంటారా? లక్షల పద్ధతిని వివరిస్తూ టీచరుకి ఉత్తరం రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. "రెస్పెక్టెడ్ మేడమ్" తర్వాత కామా పెట్టారు.

"తాతయ్యా, ఇలాంటి ఉత్తరాల్లో ఇక్కడ కోలన్ పెట్టాలి," అని అమ్మాయి దిద్ది తిప్పి పంపింది. నాన్న ఆ కోలన్ కొట్టేసి మళ్ళీ పంపారు. ఉత్తరం ఇంకా టీచరు దాకా వెళ్ళలేదు.