తప్పుగా వేసిన పడవ

కోనసీమలో మా ఊరి కాలవ గురించి పెద్దల జ్ఞాపకాలు నమోదు చేయాలనుకున్నప్పుడు, ఫోనులో రికార్డరు పెట్టుకుని, ఇరవై ప్రశ్నల కాగితంతో ఇంటింటికీ తిరిగాను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందనీ, కాలవలను సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా వీలుగా తవ్వించారనీ పుస్తకాల్లో ఉన్న సంగతులే చాలామంది అప్పజెప్పారు. కాటన్ దొర పేరు రాగానే చేతులు జోడించారు. ధాన్యం పడవల మీద ఏళ్ల తరబడి కళాసీగా పనిచేసిన తాతగారైతే, "ఏముంది బాబూ, లాగేవోళ్లం" అని ఊరుకున్నారు.

తరువాత బడి ప్రహరీగోడకు సున్నం వేయించి, పిల్లల చేత కాలవ బొమ్మ వేయించడం మొదలుపెట్టాం. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడుతో పడవను లాగుతున్నట్టు ఒక పిల్లవాడు బొగ్గుతో గీస్తుండగా, దారిన పోతున్న ఆ తాతగారే ఆగిపోయారు.

"ఓరి నాయనా, తాడు ముక్కుకి కట్టేశావేంట్రా! అలా లాగితే పడవొచ్చి గట్టుకి గుద్దుకోదూ?"

బొగ్గు ఆయన చేతిలోకి వెళ్లింది. తాడును తెరచాప కొయ్యకు ఎత్తుగా కట్టాలనీ, అప్పుడే అది గట్టు మీది తుప్పలకు తగలకుండా సాగుతుందనీ, చుక్కాని పట్టినవాడు పడవ ముక్కును నడికాలవ వైపు తిప్పి ఉంచకపోతే లాగేవాళ్ల కష్టమంతా వృథా అనీ గీస్తూనే చెప్పారు. నీటి మట్టం మారే చోట పడవలను దాటించే లాకుల దగ్గర రెండు వైపులా నీరు సమమయ్యేదాకా ఎలా కాచుకునేవారో కూడా వివరించారు. రికార్డరు సంగతి నాకు ఆలస్యంగా గుర్తుకొచ్చింది. ఆయన అనుమతి తీసుకుని మరునాడు మళ్లీ చెప్పించుకున్నాను.

అడిగితే నోరు విప్పని మనిషి కళ్లెదుట తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. మా గోదావరి వాళ్లకు ఈ గుణం కాస్త ఎక్కువేమో! అప్పటినుంచి ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, సగం వేసిన బొమ్మలనే చూపిస్తున్నాను. పడవలో పొయ్యి వేయలేదని ఒక మామ్మగారు మమ్మల్ని గట్టిగానే చీవాట్లు పెట్టి, పడవ వాళ్లు ఏం వండుకునేవారో గంటసేపు చెప్పారు.

మా రేవుకు చివరి పడవ ఎప్పుడు వచ్చిందన్న తగవు మాత్రం తెగలేదు. 1986 వరదకు ముందేనని ఒకరు, తరువాతనేనని మరొకరు పట్టుబట్టడంతో, గోడ మీద ఆ ఏడాది వేయవలసిన చోటును ప్రస్తుతానికి ఖాళీగా ఉంచాం.