మాత్రలు వాడుతూ చేయించుకున్న రక్తపరీక్షను ఎలా చదవాలి

బి12 ఇంజెక్షన్ల కోర్సు ముగిసిన పది రోజులకు పరీక్ష చేయిస్తే, రిపోర్టులో 2000 పైన అని ఎర్ర బాణం గుర్తు వస్తుంది. అందులో వింతేమీ లేదు. కానీ ఆ బాణం చూసి బెదిరి మందు ఆపేసేవాళ్లు కొందరు, "లోపం పోయింది కదా" అని ఆపేసేవాళ్లు ఇంకొందరు. ఆ అంకె చెప్పేదల్లా మందు రక్తంలోకి చేరిందని. చేరిన మందు కణాల్లో పని చేసిందో లేదో అది చెప్పదు. అందుకు వేరే పరీక్షలున్నాయి.

ఏ విటమిన్ రిపోర్టు చేతికొచ్చినా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ పరీక్ష ఒంట్లోని నిల్వను కొలిచిందా, ఈ మధ్య లోపలికి వెళ్లినదాన్ని కొలిచిందా, లేక ఆ విటమిన్ చేయాల్సిన పని జరిగిందా అన్నది కొలిచిందా? 25-హైడ్రాక్సీ విటమిన్ డి చాలావరకు నిల్వ లెక్క. సీరం ఫోలేట్ (రక్తద్రవంలోని ఫోలిక్ యాసిడ్ విటమిన్) గత కొద్ది రోజుల లెక్క, నాలుగు మాత్రలు వేసుకుంటే పెరిగిపోతుంది. ఎర్రకణాల్లోని ఫోలేట్ అయితే గత రెండు మూడు నెలలది. విటమిన్ పని సాగకపోతే రక్తంలో పేరుకునే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ పని లెక్కలు. రిపోర్టులో ఇవన్నీ ఒకే వరసలో, ఒకే అక్షరాల్లో అచ్చవుతాయి కాబట్టి అన్నీ ఒకే జాతి అంకెలనిపిస్తాయి.

బి12: మొత్తం వేరు, పనికొచ్చేది వేరు

రక్తంలోని బి12లో 70–80 శాతం హాప్టోకోరిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని తిరుగుతుంది. మన కణాలలో చాలావాటికి అది అందదు. ట్రాన్స్‌కోబాలమిన్ మోసుకెళ్లే మిగతా 20–30 శాతమే వాటికి పనికొస్తుంది. మామూలు బి12 పరీక్ష రెండింటినీ కలిపి కొలుస్తుంది. 'యాక్టివ్ బి12' పేరుతో చేసేది రెండోదాన్ని మాత్రమే కొలుస్తుంది.

మందు మొదలుపెట్టకముందు మామూలు పరీక్ష బాగానే ఉపయోగపడుతుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోపం దాదాపు ఖాయం, 200–300 మధ్య ఉంటే అనుమానం. రిపోర్టు పికోమోల్స్‌లో ఉంటే పికోగ్రాముల అంకెను 0.738తో గుణించి పోల్చుకోవాలి. మందు మొదలయ్యాక మాత్రం ఈ హద్దులకు అర్థం ఉండదు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాలపాటు మొత్తం బి12 ఎంతుందో చూసి లాభం లేదు.

అప్పుడు చూడాల్సింది మిథైల్ మలోనిక్ యాసిడ్. బి12 పని సాగకపోతే ఇది పేరుకుపోతుంది, సాగితే తగ్గుతుంది. అయితే కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో బి12 సరిపడా ఉన్నా ఇది ఎక్కువగానే కనిపిస్తుంది కాబట్టి పక్కన క్రియాటినిన్ ఉండాలి. హోమోసిస్టీన్ బి12కే కాదు, ఫోలేట్ తగ్గినా, బి6 తగ్గినా, థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది. పైగా అది శాంపిల్ దగ్గరే చెడిపోయే పరీక్ష. తీసిన రక్తాన్ని మంచులో పెట్టకుండా, వెంటనే వేరుచేయకుండా వదిలేస్తే ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను బయటికి వదులుతూనే ఉంటాయి. గంటకు పది శాతం దాకా పెరగొచ్చు. శాంపిల్ ఇంటికొచ్చి తీసుకుని ఊరంతా తిరిగి ల్యాబ్‌కు చేరిందంటే, కాస్త ఎక్కువగా 18 వచ్చిన హోమోసిస్టీన్‌ను నేను నమ్మను. ల్యాబ్‌లోనే ఇచ్చి మళ్లీ చేయించమంటాను.

రక్తహీనత కూడా ఉంటే ఇంకా సులువైన సాక్ష్యం ఉంది. మందు పనిచేస్తుంటే రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాలు, ఐదు నుంచి ఏడు రోజుల్లో ఉవ్వెత్తున లేస్తాయి. హిమోగ్లోబిన్ ఆ తర్వాత కదిలి, సుమారు ఎనిమిది వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. పాత పెద్ద కణాలు పోయేదాకా ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, మెల్లగానే దిగుతుంది, అది చూసి తొందరపడకూడదు. తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పడుతుంది.

హిమోగ్లోబిన్ కొంత పెరిగి మధ్యలో ఆగిపోయిందంటే ముందు ఫెరిటిన్, అంటే ఐరన్ నిల్వ, చూడాలి. కొత్త కణాల తయారీ జోరందుకుని ఉన్న ఐరన్‌ను ఊడ్చేస్తుంది. ఈ రెండు లోపాలూ ఉన్నవారి మొదటి రిపోర్టు భలే మోసం చేస్తుంది. ఐరన్ లోపం కణాన్ని చిన్నది చేస్తుంది, బి12 లోపం పెద్దది చేస్తుంది, సగటు తీస్తే ఎంసీవీ 88 అని ముచ్చటగా వస్తుంది. అక్కడ పట్టించేది ఆర్‌డీడబ్ల్యూ. కణాల సైజుల్లో తేడా ఎక్కువైతే అది పెరుగుతుంది.

మందేమీ వాడకుండానే బి12 చాలా ఎక్కువ వస్తే దాన్ని "మంచిదే" అని పక్కన పెట్టకూడదు. లివర్, కిడ్నీ జబ్బుల్లో, కొన్ని రక్త సంబంధ జబ్బుల్లో అలా వస్తుంది. ఇక పెర్నీషియస్ అనీమియా (బి12ను ఒళ్లు పీల్చుకోలేక వచ్చే రక్తహీనత) ఉన్నవారిలో, బి12ను పీల్చుకోవడానికి కావాల్సిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ మీద ఉండే యాంటీబాడీలు కొన్ని యంత్రాలను తికమక పెడతాయి. లోపం గట్టిగా ఉన్నా అంకె నార్మల్ అని వస్తుంది. లక్షణాలు, రిపోర్టు పొంతన లేకుండా ఉంటే మిథైల్ మలోనిక్ యాసిడ్ అడగడానికి ఇదే కారణం. ఆ యాంటీబాడీ పరీక్ష చేయించుకునేవారు బి12 ఇంజెక్షన్‌కు ముందే చేయించుకోవడం మంచిది. ఇంజెక్షన్ తర్వాతైతే కొన్ని పద్ధతుల్లో తప్పుడు పాజిటివ్ వస్తుంది.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల బి12 లేక నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. బి12 సంగతి తేలకుండా పెద్ద డోసు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టకూడదనేది అందుకే. గర్భిణులకు డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రం ఈ మాట పట్టుకుని ఆపకండి.

తిమ్మిర్ల మాట వచ్చింది కాబట్టి బి6. తిమ్మిర్లని బి కాంప్లెక్స్ వేసుకుంటారు, తగ్గలేదని రెండు వేసుకుంటారు, పైన నరాలకు మంచిదని ఇంకో మాత్ర. మూడింటిలోనూ పైరిడాక్సిన్ ఉంటుంది, అదే బి6. రోజుకు కావాల్సింది 2 మిల్లీగ్రాముల లోపే. నెలల తరబడి ఎక్కువ డోసులో వాడితే అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది. భరించగల గరిష్ఠ పరిమితి అమెరికాలో రోజుకు 100 మిల్లీగ్రాములుగా ఉండగా, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో 12కు తగ్గించింది. అన్ని డబ్బాల వెనకా చూసి పైరిడాక్సిన్ మొత్తం కూడండి. బి12 బాగానే పెరిగినా తిమ్మిర్లు ఎక్కువవుతున్నాయంటే ముందు ఈ కూడిక చేయాలి.

జుట్టు మాత్ర, థైరాయిడ్ రిపోర్టు

బయోటిన్ రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టుకు, గోళ్లకు అమ్మే మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. అది ఒంటికి పెద్దగా హాని చేయదు, పాడుచేసేది రిపోర్టును. చాలా హార్మోన్ పరీక్షల్లో యాంటీబాడీని పట్టి నిలపడానికి బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ జంటను కొక్కేల్లా వాడతారు. రక్తంలో మీ మాత్ర నుంచి వచ్చిన బయోటిన్ నిండా ఉంటే అది ఆ కొక్కేలను ముందే ఆక్రమించేస్తుంది.

దాంతో ఏ పరీక్ష ఎటు జరుగుతుందో కూడా ముందే చెప్పొచ్చు. రెండు యాంటీబాడీల మధ్య ఇరికించి కొలిచే రకం పరీక్షలు తక్కువ చూపిస్తాయి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్), పీటీహెచ్ (కాల్షియంను అదుపుచేసే హార్మోన్), ఫెరిటిన్, గుండెపోటులో చూసే ట్రోపోనిన్. పోటీ పెట్టి కొలిచే రకం ఎక్కువ చూపిస్తాయి: థైరాయిడ్ హార్మోన్లయిన ఫ్రీ టీ4, ఫ్రీ టీ3, కొన్ని యంత్రాల్లో విటమిన్ డి, బి12, కార్టిసాల్. టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ అంటే అచ్చం థైరాయిడ్ మితిమీరి పనిచేస్తున్నట్టే. మనిషికి గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చెమటలు లేవు, రిపోర్టు మాత్రం హైపర్‌థైరాయిడ్ అంటుంది. మందు రాయించుకునే ముందు జుట్టు మాత్ర ఆపి మళ్లీ పరీక్ష చేయించాలి.

ట్రోపోనిన్ సంగతి ఇంకా ప్రమాదం. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబరులో ఈ విషయమై హెచ్చరించింది, ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చి ఒకరు మరణించిన ఉదంతాన్ని అందులో పేర్కొంది. ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వెళితే బయోటిన్ వాడుతున్నట్టు అడగకపోయినా చెప్పండి.

మామూలు జుట్టు మాత్రలైతే పరీక్షకు కనీసం 48 గంటల ముందు ఆపితే చాలు. కిడ్నీ జబ్బు ఉన్నా, 100 మిల్లీగ్రాముల పైన వాడుతున్నా ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అన్ని ల్యాబ్‌ల యంత్రాలకూ ఈ బలహీనత లేదు. ఫోన్ చేసి "మీ టీఎస్‌హెచ్ పద్ధతిలో బయోటిన్ అడ్డొస్తుందా" అని అడగొచ్చు.

విటమిన్ డి

చేయించాల్సింది 25-హైడ్రాక్సీ పరీక్ష. 1,25-డైహైడ్రాక్సీ అని ఇంకొకటుంది, ఖరీదెక్కువ కాబట్టి గొప్పదనుకుంటారు. దాని అర్ధాయువు, అంటే రక్తంలో సగానికి తగ్గే కాలం, కొన్ని గంటలే. లోపం ఉన్నప్పుడు పీటీహెచ్ పెరిగి దాన్ని నార్మల్‌లోనో, పైనో నిలబెడుతుంది కూడా. లోపం పట్టడానికి అది పనికిరాదు.

25-హైడ్రాక్సీ అర్ధాయువు రెండు మూడు వారాలు. డోసు మార్చాక కొత్త స్థాయిలో కుదురుకోవడానికి నాలుగైదు అర్ధాయువులు, అంటే సుమారు మూడు నెలలు కావాలి. వారానికి 60,000 యూనిట్లు ఎనిమిది వారాలు వేసుకుని, ఆ మర్నాడే పరీక్ష చేయిస్తే వచ్చే 55 మీ అసలు స్థాయి కాదు. ఆ మోతాదు రోజుకు 8,500 యూనిట్ల పైచిలుకు. రోజుకు 1,000కి మారాక అంకె దిగుతుంది, దిగాలి కూడా. ఆ దిగిన అంకె చూసి మళ్లీ 60,000 మొదలుపెట్టడం మామూలుగా జరిగే తప్పు. తక్కువ స్థాయి నుంచి మొదలయ్యేవారిలో రోజుకు 1,000 యూనిట్లు మూడు నెలల్లో సుమారు 7–10 నానోగ్రాములు పెంచుతాయి. ఊబకాయం ఉంటే అదే ఫలితానికి రెండు మూడు రెట్ల డోసు పట్టొచ్చు.

రిపోర్టు నానోమోల్స్‌లో ఉందో, నానోగ్రాముల్లో ఉందో చూసుకోండి. 2.5 రెట్ల తేడా. 50 నానోమోల్స్ అంటే 20 నానోగ్రాములే. 20 నానోగ్రాములు చాలామందికి సరిపోతాయని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో చెప్పింది. 30 ఉండాలన్న ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఆ లక్ష్యాన్ని వదిలేసింది. రిపోర్టుల్లో 30 కింద 'తక్కువ' అని ఇంకా అచ్చవుతూనే ఉంది. 27 వచ్చి, ఎముకల ఇబ్బందేమీ లేనివారు కంగారుపడక్కర్లేదని నా అభిప్రాయం.

ఎక్కువైందేమో తేల్చేది మాత్రం కాల్షియం. సాధారణంగా 150 నానోగ్రాములు దాటాక, కాల్షియం పెరిగి పీటీహెచ్ అణగిపోతే విటమిన్ డి విషంగా మారినట్టు. అల్బుమిన్ (రక్తంలో కాల్షియం అంటుకుని తిరిగే ప్రొటీన్) తక్కువుంటే కాల్షియంను సరిచేసి చదవాలి: 4 లోంచి అల్బుమిన్ తీసేసి, 0.8తో గుణించి, కాల్షియంకు కలపాలి. కాల్షియం 8.2, అల్బుమిన్ 3.0 అయితే సరిచేసిన కాల్షియం 9.0, అంటే నార్మల్. ఇక్కడ కూడా బయోటిన్ వేలు పెట్టగలదు. విటమిన్ డి ఎక్కువ, పీటీహెచ్ తక్కువ చూపించి విషంగా మారినట్టే భ్రమ పెడుతుంది. కాల్షియంను వేరే రసాయన పద్ధతిలో కొలుస్తారు, దాని జోలికి బయోటిన్ పోలేదు. కాల్షియం నార్మల్‌గా ఉంటే మిగతా రెండింటినీ అనుమానించాలి.

ఐరన్ మొదలుపెడితే షుగర్ తగ్గిందా?

ఐరన్ విటమిన్ కాదు, కానీ అదే సంచిలో ఉంటుంది. సీరం ఐరన్ ఉదయం మాత్ర వేసుకుని వెళితే ఎగిరి కూర్చుంటుంది. 24 గంటలు ఆగి, ఉదయాన ఇవ్వాలి. నిల్వకు ఫెరిటిన్ చూస్తారు, 30 కింద ఉంటే నిల్వలు అడుగంటినట్టే. జ్వరం, వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఊరికే పెరుగుతుంది కాబట్టి ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్షను పక్కన పెట్టుకుని చదవాలి.

చాలామందికి తట్టని సంగతి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష. ఐరన్ లేదా బి12 లోపంలో ఎర్రకణాల సగటు వయసు పెరిగి, అవి చక్కెరలో ఎక్కువకాలం నాని, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మందు పడగానే కొత్త కణాలు గుంపుగా వస్తాయి, వాటికి చక్కెర అంటలేదు, అంకె పడిపోతుంది. తిండి మారలేదు, షుగర్ మారలేదు. ఆ పడిపోయిన అంకెను చూసి షుగర్ మందు తగ్గించుకుంటే తర్వాత ఇబ్బంది. ఆ రెండు మూడు నెలలు పరగడుపు, భోజనం తర్వాతి రీడింగుల మీద ఆధారపడాలి.

మిగతావి క్లుప్తంగా. విటమిన్ సి పెద్ద డోసులు మూత్రం పట్టీ పరీక్షలో చక్కెరను, రక్తాన్ని దాచేస్తాయి. నయాసిన్ (బి3) ఎక్కువ డోసులో లివర్ ఎంజైములు, యూరిక్ యాసిడ్, షుగర్ మూడూ పెంచుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె ఉన్న మల్టీవిటమిన్ మొదలెట్టినా, ఆపినా రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్ కదులుతుంది.

అంకె 28 నుంచి 33కు పెరిగితే పెరిగినట్టేనా

కాకపోవచ్చు. యంత్రం లోపాన్ని 6 శాతం, మనిషిలో రోజువారీ ఊగిసలాటను 8 శాతం అనుకుందాం. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 10. దాన్ని రెండు రిపోర్టులను పోల్చడానికి వాడే 2.77తో గుణిస్తే 27.7. అంటే రెండు రిపోర్టుల మధ్య సుమారు 28 శాతం తేడా ఉంటేనే నిజమైన మార్పని గట్టిగా అనొచ్చు. 28 మీద ఆ లెక్కకు 36 దాకా రావాలి. ల్యాబ్ మారితే ఇది కూడా చెల్లదు. రెఫరెన్స్ రేంజ్ అంటే ఆరోగ్యవంతుల్లో మధ్య 95 శాతం మంది ఉండే హద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికైనా కనీసం ఒక బాణం వచ్చే అవకాశం 64 శాతం. యాభై అరవై పరీక్షల ప్యాకేజీలో ఒక్క బాణమూ రాకపోతేనే నాకు వింతగా ఉంటుంది.

కాబట్టి ప్రతిసారీ అదే ల్యాబ్, అదే సమయం, వారపు మాత్ర వేసుకున్నాక అన్నే రోజులకు శాంపిల్ ఇవ్వండి. రిపోర్టు ఫైలులో ఈ మాదిరి చీటీ ఒకటి ఉంచండి: "బి12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు, చివరిది 24 రోజుల కిందట. విటమిన్ డి రోజుకు 1,000 యూనిట్లు, 14 వారాలుగా. బయోటిన్ 10 మిల్లీగ్రాములు, ఆపి మూడు రోజులు. ఐరన్ నిన్న ఉదయం. వారం కిందట జ్వరం." డాక్టరు ముందు రిపోర్టుతో పాటు ఆ చీటీ కూడా పెట్టండి.